ఆ ఒక్క వాక్యం గురించి

అమ్మడూ,

నువ్వు పంపిన థీసిస్ సినాప్సిస్ డ్రాఫ్ట్ రాత్రి కూర్చుని చదివాను. ప్రయోగం ఎలా చేస్తావో రాసిన భాగం నాకు అర్థమైనంతవరకు శుభ్రంగా ఉంది. రెండో పేజీలో ఒక వాక్యం మాత్రం మింగుడు పడలేదు. "మిరపలో నల్ల తామర పురుగు మీద మన రాష్ట్రంలో ఎక్కువ పరిశోధన జరగలేదు" అన్నావు. ఎలా తెలిసిందే అని ఫోన్లో అడిగితే "గూగుల్‌లో కొట్టానమ్మా, పెద్దగా ఏం రాలేదు" అన్నావు. నీకు కనపడకపోవడం వేరు, అసలు జరగకపోవడం వేరు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందుగా పట్టుకునేది ఇలాంటి వాక్యాన్నే. ఆ పని చేసినవాళ్లలో ఆయన స్టూడెంటే ఒకరు ఉన్నా ఉండొచ్చు!

పురుగుల గురించి నీకు నేను చెప్పేదేం లేదు. లైబ్రరీలో వెతికిపెట్టడం నా ఉద్యోగం కాబట్టి దాని సంగతి చెబుతాను.

ముందు పురుగు పేరు చూడు. థ్రిప్స్ పార్విస్పైనస్ అని రాసి, పక్కన దానికి పేరు పెట్టిన కార్నీ పేరు బ్రాకెట్లలో పెట్టావు. ఆ బ్రాకెట్లు ఎందుకో మీ క్లాసులో చెప్పే ఉంటారు. మొదట పేరు పెట్టినప్పుడు జీనస్, అంటే పేరులో మొదటి మాట, వేరు, తర్వాత మారింది అని అర్థం. 1922లో కార్నీ దీన్ని ఐసోన్యూరోత్రిప్స్ కింద చేర్చాడు. అంటే పాత పేపర్లు కొన్ని ఆ పేరు మీదే ఉంటాయి, నువ్వు కొత్త పేరు ఒక్కటే కొడితే రావు. థ్రిప్స్ తైవానస్ అని ఇంకో పేరు కూడా దీనికే ఉండేది. ఈ పేర్లన్నీ ఒక బ్రాకెట్లో పెట్టి మధ్యలో "ఆర్" (OR) పెట్టు, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వస్తుంది.

పంటతో ఇంకా తిప్పలు. మనం చిల్లీ అని రెండు ఎల్‌లతో రాస్తాం, అమెరికావాళ్లు ఒకటే పెడతారు, ఇంకొందరు హాట్ పెప్పర్ అంటారు. పెప్పర్ అని ఒక్కమాటే కొడితే మిరియాల తోటలన్నీ వచ్చి పడతాయి. క్యాప్సికమ్ యాన్యుమ్ అనే శాస్త్రీయ నామం తప్పనిసరిగా ఉంచు. మాట చివర చుక్కగుర్తు (*) పెడితే దాని రూపాలన్నీ వస్తాయి కదా అని "చిల్" దగ్గరే ఆపి చుక్క పెట్టేవు, జాగ్రత్త. కోల్డ్ స్టోరేజీలో కూరగాయలు చెడిపోవడం దగ్గర్నుంచి పిల్లల జబ్బుల దాకా నీ ముందుంటాయి. రెండు స్పెల్లింగులూ పూర్తిగా రాసి, వాటి చివర చుక్క పెట్టుకో. పురుగు పేర్ల బ్రాకెట్‌కూ పంట పేర్ల బ్రాకెట్‌కూ మధ్య "యాండ్" (AND) పెట్టు, రెండూ ఉన్నవే వస్తాయి. మొదట టైటిల్, అబ్‌స్ట్రాక్ట్‌లలో మాత్రమే వెతకమను. వచ్చినవి మరీ తక్కువైతే అప్పుడు పంట బ్రాకెట్ తీసేసి చూడు. ఈ పురుగు మన దేశంలో మొదట నమోదైంది మిరప మీద కాదు, బెంగళూరు దగ్గర బొప్పాయి మీద. ఆ పేపరు వచ్చింది 2015లో. మన రైతులు పూత రాలిపోయి చేలు పీకేసుకున్నది 2021లో. ఆ మధ్య సంవత్సరాల్లో ఎవరు ఏం గమనించారో మిరప అనే మాటకు అందదు.

ఆ 2015 పేపరునే ఇంకోలా వాడుకోవచ్చు. గూగుల్ స్కాలర్‌లో, అంటే పరిశోధన పేపర్లు వెతికే గూగుల్‌లో, దాన్ని వెతికి కింద "సైటెడ్ బై" నొక్కు. ఆ తర్వాత దాన్ని ఉదహరించినవాళ్లు వరసగా వస్తారు. ఇండోనేషియాలో మిరప, ఫ్లోరిడాలో అలంకరణ మొక్కలు, మన దగ్గర మళ్లీ మిరప. నిన్ను కాదనను, దీనికి గూగుల్ స్కాలర్ బాగానే పనికొస్తుంది. కానీ అది లక్షల్లో వచ్చాయని చెప్పినా చూపించేది మొదటి వెయ్యే. ఏది ముందు పెట్టిందో, ఎందుకు పెట్టిందో మనకు తెలియదు. ఎక్కువమంది ఉదహరించినవి పైకి రావడం మామూలే. నిరుడు వచ్చిన మంచి పేపరు అడుగున ఉండిపోతుంది.

మీ రంగానికి క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్ అనే డేటాబేస్ పెద్ద దిక్కు. మీ లైబ్రరీలో ఉందేమో కనుక్కో. లేకపోతే ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ వాళ్ల డేటాబేస్ ఆగ్రిస్ ఉచితం. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ వాళ్ల సెరా అనే ఆన్‌లైన్ జర్నల్స్ సదుపాయం వ్యవసాయ కాలేజీల కోసమే పెట్టింది. అందులో పూర్తి పేపరు దొరకనప్పుడు డాక్యుమెంట్ డెలివరీ రిక్వెస్ట్ పెట్టు, ఆ జర్నల్ ఉన్న లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. 2025 జనవరి నుంచి, ప్రభుత్వ కాలేజీల తరఫున జర్నల్స్ చందా కేంద్రమే కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కూడా వచ్చింది. 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. మూడేళ్లకు కేంద్రం కేటాయించింది 6,000 కోట్లు. మన పన్నుల డబ్బేగా, మొహమాటపడకుండా వాడుకో. పేపరు కొనమని 40 డాలర్లు అడిగే పేజీ కనపడగానే వెనక్కి వచ్చేస్తున్నారు మా కాలేజీ పిల్లలు. అదే పేపరు కాలేజీ లాగిన్‌తో వెళితే చాలాసార్లు ఉచితంగా తెరుచుకుంటుంది.

ఇక నీ వాక్యాన్ని నిజంగా పరీక్షించేవి థీసిస్‌లు. మన రాష్ట్రంలో జరిగిన పని చాలావరకు జర్నల్ దాకా రాదు, ఎమ్మెస్సీ థీసిస్‌లోనే ఉండిపోతుంది. అవి వ్యవసాయ థీసిస్‌లు దాచే కృషికోశ్ సైట్‌లో ఉంటాయి. పీహెచ్‌డీలకు శోధ్‌గంగ కూడా చూడు. ఒక్క మాట గుర్తుంచుకో, మిరప ఉద్యాన పంట. వ్యవసాయ యూనివర్సిటీ పేరుతో మాత్రమే వెతికితే వెంకటరామన్నగూడెం ఉద్యాన యూనివర్సిటీలో జరిగినదంతా తప్పిపోతుంది. తెలంగాణ, కర్ణాటకలోని బాగల్‌కోట్ ఉద్యాన యూనివర్సిటీల వాళ్లవీ తిరగెయ్యి. బ్యాడిగి మిరప వాళ్లదేగా. రకం పేరుతో కూడా వెతుకు. ఎల్‌సీఏ 334 అని కొడితే, సబ్జెక్టు మాటలకు దొరకని, గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం మిరప పనులు కొన్ని బయటపడొచ్చు. వ్యవసాయ జర్నల్స్‌కి ఇచ్చే నాస్ రేటింగ్ తక్కువని మన చిన్న జర్నల్స్‌ని తీసిపారెయ్యకు. కొత్త పురుగు వచ్చిందనే కబురు ముందుగా వాటిలోనే పడుతుంది.

వచ్చినవన్నీ చదవక్కర్లేదు. కళ్లంలో తాలు కాయలు ఏరినట్టు, టైటిల్ చూసి కొన్ని, అబ్‌స్ట్రాక్ట్ చూసి కొన్ని పక్కన పెట్టెయ్యి. కానీ ఏ తేదీన, ఏ డేటాబేస్‌లో, ఏ మాటలతో వెతికావో, ఎన్ని వచ్చాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఆరు నెలల తర్వాత గైడ్ "ఇది చూశావా" అంటే వెతుక్కోకుండా చెప్పగలుగుతావు. ఆ పట్టిక చేతిలో ఉంటే "ఫలానా తేదీ వరకు ఈ డేటాబేస్‌లలో గుంటూరు, పల్నాడు ప్రాంతం నుంచి ఇన్నే దొరికాయి" అని ధైర్యంగా రాయొచ్చు. ఒకవేళ బోలెడు దొరికినా టెన్షన్ పడకు. వాళ్లు చూడనిది ఏముందో అప్పుడే తెలుస్తుంది.

చాట్‌జీపీటీని మాత్రం రిఫరెన్సులు అడగొద్దు. మా కాలేజీలో ఒక కుర్రాడు లిస్టు పట్టుకొచ్చి "మేడమ్, ఈ పేపరు తీసిపెట్టండి" అన్నాడు. జర్నల్ ఉంది, ఆ వాల్యూమ్ ఉంది, ఆ పేజీలో వేరే ఎవరిదో వేరే వ్యాసం ఉంది. పర్యాయపదాలు అడుగు, తప్పు లేదు. పేపర్లు మాత్రం నువ్వే తీసి చూసుకో.

పండక్కి ఇంటికొస్తే క్యాంపస్ నెట్ ఉండదు, చాలా పేపర్లు తెరుచుకోవు. రిమోట్ లాగిన్ కోసం మీ లైబ్రరీలో ఇప్పుడే అడుగు. వాళ్లను విసిగించడానికి సందేహించకు, మమ్మల్ని పెట్టుకున్నదే అందుకు. పూతలో పురుగు కనపడితే ఫొటో తీసి పంపమని తాతయ్యకు నాన్న చెప్పారట. ఫొటో చూసి ఏ జాతో ఎలా చెప్పనని నువ్వు గోల చేస్తావని నాకు తెలుసు. ఆల్కహాల్ పోసిన చిన్న సీసాలు నాలుగు పంపు, లేబుల్ మీద ఏం రాయాలో కూడా రాసి పంపు. లేకపోతే తాతయ్య అన్నీ ఒకే సీసాలో వేసేస్తారు.

అమ్మ