బాలల పత్రికల తపాలా రేటుపై పోస్ట్‌మాస్టర్ జనరల్ డేవిడ్ కీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డేవిడ్ ఎం. కీ గారికి,

మీరు 1877 నుంచి 1880 వరకు అమెరికా పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో, పిల్లలు సొంతంగా నడుపుకునే పత్రికలకు, మిగతా పత్రికలకు ఇచ్చే చవకైన రెండో తరగతి తపాలా రేటు వర్తించదని మీ శాఖ తేల్చింది. ఆ పత్రికలు నడిపిన పిల్లలు ఇప్పుడు లేరు, మీరూ లేరు. అయినా ఆ నిర్ణయం సరైనది కాదని నమ్ముతున్నాను కనుక, దాన్ని తీసుకున్న శాఖకు పెద్దగా ఉన్న మిమ్మల్నే ఉద్దేశించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1867లో బోస్టన్‌కు చెందిన బెంజమిన్ వుడ్స్ బల్ల మీద పెట్టుకోదగిన నావెల్టీ అచ్చు యంత్రాన్ని అమ్మకానికి తెచ్చిన తరువాత, పన్నెండు పదమూడేళ్ల పిల్లలు కూడా ఇంట్లోనే అక్షరం అక్షరం పేర్చి, సిరా పూసి, అరచేతి కంటే కాస్త పెద్దవైన పత్రికలు అచ్చు వేయసాగారు. కథలు, పద్యాలు, సంపాదకీయాలు, పక్క ఊరి పత్రిక మీద విమర్శలు, అన్నీ వాళ్లు రాసుకున్నవే. 1876లో, దేశానికి నూరేళ్లు నిండిన ఏడాదిలో, వాళ్లు ఫిలడెల్ఫియాలో సమావేశమై జాతీయ అమెచ్యూర్ ప్రెస్ అసోసియేషన్‌ను స్థాపించుకున్నారు.

ఈ పత్రికలకు ప్రాణం ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఉంది. ఒక ఊరి సంపాదకుడు తన సంచికను మరో ఊరి సంపాదకుడికి పంపితే, అతడు తన సంచికను బదులుగా పంపేవాడు. ఇది పిల్లలు కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. 1792 నాటి తపాలా చట్టమే పత్రికల వాళ్లు ఒకరికొకరు పంపుకునే ప్రతులను ఉచితంగా చేరవేయాలని చెప్పింది, 1873 వరకు ఆ సౌకర్యం కొనసాగింది. దూరపు ఊళ్ల వార్తలను చిన్న పట్టణాల పత్రికలు దశాబ్దాల పాటు అలా వచ్చిన ప్రతుల నుంచే తీసుకుని వేసుకున్నాయి. పెద్దవాళ్ల పత్రికలు నిలదొక్కుకోవడానికి ఆసరా అయిన అలవాటే పిల్లల దగ్గరికి వచ్చేసరికి లోపంగా ఎలా మారిందో నాకు అర్థం కాలేదు.

డబ్బు లెక్క చూడండి. 1879 మార్చి 3న వచ్చిన చట్టం ప్రకారం రెండో తరగతి పత్రికలకు మొత్తం బరువు మీద పౌనుకు, అంటే పదహారు ఔన్సులకు, రెండు సెంట్లు, మూడో తరగతి అచ్చు కాగితాలకు రెండు ఔన్సులకు ఒక సెంటు. అర ఔన్సు బరువుండే బుల్లి పత్రిక వంద ప్రతులు కలిపి తూచినా మూడు పౌన్లు దాటి కాస్తే ఉంటుంది, రెండో తరగతిలో ఏడెనిమిది సెంట్లతో పని జరిగిపోతుంది. మూడో తరగతిలోకి తోస్తే, విడివిడి చిరునామాలకు వెళ్లే ప్రతి ఒక్కదానికీ ఒక సెంటు చొప్పున నిండు డాలరు చెల్లించాలి. ఏడాదికి పాతిక సెంట్లు చందా పెట్టుకున్న మాసపత్రికకు ఒక్కో చందాదారుడి మీద పన్నెండు సెంట్లు తపాలాకే పోతే, కాగితానికీ సిరాకూ ఏం మిగులుతుంది? ఇంకా విచారం కలిగించేది ఏమిటంటే, పత్రిక ఎంత చిన్నదైతే ఈ రేటు దాని మీద అంత బరువుగా పడుతుంది.

మీ శాఖ భయం అర్థం లేనిదని నేను అనను. వ్యాపారులు ప్రకటనల కరపత్రాలకు పత్రిక వేషం వేసి చవక రేటులో దేశమంతా పంచేవారన్నది నిజమే. అందుకే చట్టం నిజమైన చందాదారుల జాబితా ఉండాలని అడిగింది, ప్రకటనల కోసమో, ఉచితంగానో, నామమాత్రపు ధరకో పంచే వాటిని పక్కన పెట్టింది. కానీ అదే చట్టం సాహిత్యానికి అంకితమైన పత్రికలకు రెండో తరగతిలో చోటిచ్చింది. ఏడాదికి కనీసం నాలుగు సంచికలు, వరుస సంఖ్యలు, ఫలానా చోట కార్యాలయం అన్న షరతులను పట్టుదల గల ఏ కుర్రాడైనా నెరవేర్చగలడు. మిగిలిన చిక్కల్లా చందాదారులన్న మాట దగ్గరే. తన పత్రికను బదులిచ్చి మరో పత్రికను తెప్పించుకునే సంపాదకుడు వెల చెల్లించినవాడే అవుతాడు. ఆ పత్రికను పేర్చి అచ్చు వేసిన శ్రమే అతని చందా.

నేను బడిలో ఉండగా మా తరగతి లిఖిత పత్రికకు సంపాదకురాలిని. ఉన్నది ఒకే ప్రతి, చేతులు మారుతూ నలిగిపోయేది. పక్క ఊరి బడికి ఒకసారి పంపాలని మేము పైసా పైసా కూడబెట్టిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ వయసులో స్టాంపు ఖర్చు ఎంత పెద్ద అడ్డమో అనుభవించి చెబుతున్నాను.

మరొక్క విషయం మీ దృష్టికి తేవాలి. సిన్సినాటీలో హెర్బర్ట్ క్లార్క్ అనే నల్లజాతి యువకుడు ల బిజూ అనే పత్రికను నడిపాడు. అతడు జాతీయ సంఘంలో పదవికి ఎన్నికైతే దక్షిణాది సంపాదకులు కొందరు వ్యతిరేకించారు. ఏ సభలోనూ తనను సమానంగా కూర్చోనివ్వని వారి ఇళ్లలోకి అతని వాదన తపాలా సంచిలో వెళ్లగలిగింది. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం తరఫున పోరాడి, తరువాత ఉత్తరాదికి చెందిన అధ్యక్షుడి మంత్రివర్గంలో చేరిన మీకు, ఎదుటి పక్షంతో మాట కలపడం విలువ ఏమిటో మరొకరు చెప్పనక్కరలేదు.

ఇందుకు కొత్త చట్టం అవసరం లేకపోయింది. పరస్పరం పంపుకునే ప్రతులను చందా కింద లెక్కించాలని, ప్రకటనలు ప్రధానం కాని చిన్న పత్రికలకు సంపాదకుడి వయసుతో నిమిత్తం లేకుండా రెండో తరగతి రేటే ఇవ్వాలని పోస్ట్‌మాస్టర్లకు మీరు ఒక ఉత్తర్వు పంపితే సరిపోయేది. దుర్వినియోగం జరుగుతుందనుకుంటే సంచికకు ఇన్ని ప్రతులని పరిమితి విధించి ఉండవచ్చు. వందల్లో మాత్రమే అచ్చయ్యే పత్రికలకు ఆ పరిమితి కష్టం కాదు. ఆ ఉత్తర్వు మీ కార్యాలయం నుంచి వెళ్లి ఉండాల్సిందని సవినయంగా మనవి చేస్తున్నాను.

భవదీయురాలు,
ఒకప్పటి లిఖిత పత్రిక సంపాదకురాలు