చింటు దవడ పన్ను గురించి

చి. సౌ. స్వాతికి,

బాపు ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. దసరా వెళ్ళినప్పటి నుంచి నీ ఫోను లేదు. తీరిక ఉండదని తెలుసు. మొన్న హన్మకొండ చౌరస్తాలో సరిత కలిసి, చింటుకు కింది రెండో దవడ పన్ను తీయించే ఆలోచనలో ఉన్నారని చెప్పింది. ఇప్పటికే తీయించి, నేను కోప్పడతానని ఫోను చేయడం లేదేమోనని అమ్మ దిగులు.

పాలపన్నే కదా, ఎలాగూ ఊడుతుందని అనుకోకు బిడ్డా. అది 10–12 ఏళ్ళ దాకా ఉండవలసిన పన్ను. ఆరో ఏట దాని వెనుకనే మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. మన శ్రీనుకు అయిదో ఏట ఆ పన్నే తీయించారు, ఖాళీని కాపాడే తీగ పెట్టించలేదు. లచ్చవ్వ వాణ్ణి పరకాల నుంచి నా దగ్గరకు తెచ్చేసరికి వెనుక పన్ను ముందుకు ఒరిగిపోయింది, కింద నుంచి రావలసిన పన్ను దవడలోనే ఇరుక్కుంది. ఆమె ఎక్స్-రేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అడ్డంగా పడ్డ ఆ పన్నును చాలాసేపు చూసింది. ఇంటర్ దాకా వాడికి తీగలు తప్పలేదు. అక్క పెళ్ళి ఫోటోల్లో ఎక్కడా నోరు తెరిచి నవ్వలేదు.

అందుకే ముందు నొప్పి ఎటువంటిదో గమనించు. తీపి, చల్లటివి తగిలినప్పుడే జివ్వుమని వెంటనే తగ్గితే, నరం దాకా పోకుండా, అట్టడుగు పిప్పి పొరను అలాగే ఉంచి పైన గట్టిగా మూసివేయడం సరిపోవచ్చు. పిప్పి తీస్తుండగా నరం బయటపడితే పల్పాటమీ చేస్తారు: పైభాగంలోని నరాన్ని మాత్రమే తీసి, తడి దూదితో అదిమి పట్టి చూస్తారు, కొద్ది నిమిషాల్లో రక్తం ఆగితే వేళ్ళలోని నరం బాగున్నట్టే. దానిపైన మా రోజుల్లో ఫార్మోక్రిసాల్ అనే మందు పెట్టేవాళ్ళం. అందులోని ఫార్మాల్డిహైడ్‌ను 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకంగా తేల్చింది; వాడేది చుక్కంతే అయినా, ఎం.టి.ఏ. అనే సిమెంటులాంటి మందు దొరుకుతుండగా అది మన పిల్లవాడికి వద్దు. ఎం.టి.ఏ. ఖరీదెక్కువ, ఆ డబ్బు నేను పంపుతాను, అల్లుడితో చెప్పు. కాల్షియం హైడ్రాక్సైడ్ పెడతామంటే ఒప్పుకోకు, పాలపళ్ళలో అది లోపలి నుంచి వేరు కరగడానికి దారితీస్తుంది.

రక్తం ఆగకపోయినా, రాత్రిళ్ళు నొప్పితో లేచి ఏడుస్తున్నా, చిగురు మీద చీము గడ్డ ఉన్నా పల్పెక్టమీయే మార్గం. వేళ్ళలోని నరమంతా శుభ్రం చేసి, పాలపన్ను వేరు తనంతట తాను కరిగేటప్పుడు దానితోపాటు కరిగిపోయే పేస్టు నింపుతారు; పెద్దలకు వాడే గట్టా పర్చా అనే రబ్బరులాంటి పదార్థం కరగదు కాబట్టి కింది పన్నుకు అడ్డం పడుతుంది. ఏది చేసినా పైన స్టీలు క్యాపు వేయించు. వేరు బాగా కరిగిపోయిందని డాక్టరు చూపిస్తే తీయించక తప్పదు, అప్పుడు ఖాళీని కాపాడే తీగను మాత్రం మరువకు.

రాత్రి చక్కెర పాలు తాగించి అట్లాగే పడుకోబెట్టవద్దు. లవంగ నూనె దూది చిగురుకు పెట్టవద్దు, కాలుతుంది. తీయించినా కోప్పడను, వాట్సాప్‌లో ఎక్స్-రే పంపి ఒక్కసారి ఫోను చెయ్యి.

మీ బాపు