ఈత రాకపోయినా పర్వాలేదట!

సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి సెలవులు దగ్గర పడ్డాయి కాబట్టి మీ జిల్లా పేజీల్లో ట్రావెల్ ఏజెంట్ల ప్రకటనలు మళ్లీ మొదలయ్యాయి. దుబాయ్, నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. ఎడారి సఫారీ, ఆకాశమంత భవనం, వాటి కింద రంగు అక్షరాల్లో 'డాల్ఫిన్లతో ఈత. ఈత రాకపోయినా పర్వాలేదు, కుటుంబమంతటికీ క్షేమం'. ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం. పోయినేడాది దాన్ని నమ్మి డబ్బు కట్టినవాళ్లలో మేమూ ఉన్నాం.

నాకు నీళ్లంటే భయం. నాగావళి ఒడ్డున పుట్టి పెరిగినదానివి, నీకు భయమేంటని అందరూ అడుగుతారు. మా అన్నదమ్ములు నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని ఏట్లో దూకి వారం పది రోజుల్లో ఈత నేర్చేసుకున్నారు. ఆడపిల్లలం గట్టు మీద కూర్చుని వాళ్ల బట్టలకి కాపలా కాశాం. అప్పటి నుంచి ఇప్పటి దాకా మోకాలి లోతు దాటితే నాకు గుండె దడే. మా అమ్మాయికీ ఈత రాదు. హైదరాబాద్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ కిందే స్విమ్మింగ్ పూల్ ఉన్నా కాలు పెట్టదు. తొమ్మిదేళ్ల మనవడిది వచ్చీ రాని ఈత. ఇలాంటి ఇంటికి ఆ ప్రకటన ఎంత ఆశ పెడుతుందో చెప్పక్కర్లేదు. "అమ్మమ్మా, నువ్వు కూడా దిగొచ్చట" అన్నాడు మనవడు. దాంతో నేనూ పడిపోయాను.

ఏజెంటు తెలిసినవాడే. లోతు ఉండదు, లైఫ్ జాకెట్ ఇస్తారు, ట్రైనర్ పక్కనే ఉంటాడు, టెన్షన్ పడకండమ్మా అన్నాడు. మూడూ నిజమే చెప్పాడు. అక్కడ సిబ్బంది మర్యాదలోనూ లోపం లేదు. దిగే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఏదైనా జరిగితే బాధ్యత నీళ్లలో దిగినవాళ్లదేనని. క్షేమం అన్న మాట తెలుగులోనూ, బాధ్యత సంగతి ఇంగ్లిషులోనూ ఉండటం చూసి మా అల్లుడు నవ్వాడు.

తర్వాత నడుం లోతు నీళ్లలో మమ్మల్ని వరసగా నిలబెట్టారు. విజిల్ వేయగానే డాల్ఫిన్ వచ్చి ఒక్కొక్కరి ముందు ఆగింది. ముట్టుకోనిచ్చింది, బుగ్గకి మూతి ఆనించింది, ఫొటో అయ్యేదాకా కదల్లేదు. ప్రతి పనికీ బకెట్లోంచి ఒక చేప. పొట్టు తీసిన కోడిగుడ్డులా నున్నగా, చల్లగా ఉంది దాని ఒళ్లు. అబద్ధమెందుకు, నాకు ఒళ్లు పులకరించింది. గట్టెక్కాక తువ్వాలు కప్పుకుంటూ మనవడు ట్రైనర్‌ని అడిగాడు, మన తర్వాత ఇది ఎక్కడికి వెళ్తుందని. అతను చెయ్యి చూపించాడు. అవతల ఇంకో పది పన్నెండు మంది లైఫ్ జాకెట్లు తొడుక్కుని నిలబడి ఉన్నారు.

ఆ రాత్రి హోటల్లో నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్లు సైన్సు పాఠం చెప్పినదాన్ని. డాల్ఫిన్ చేప కాదు, మనలాగే పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువు అని ఎన్ని తరగతులకి చెప్పానో లెక్కలేదు. ఇలాంటి కొలనుల్లో ఎక్కువగా ఉండేది బాటిల్‌నోస్ రకం. ఎదిగినది రెండున్నర, మూడు మీటర్లుంటుంది, రెండు మూడు వందల కిలోలు తూగుతుంది. సముద్రంలో గుంపుగా తిరుగుతుంది, శబ్దం వదిలి దాని ప్రతిధ్వనితో దారినీ ఆహారాన్నీ పసిగడుతుంది. దాని నవ్వు నవ్వే కాదు, దవడ ఆకారమే అంత. నొప్పిగా ఉన్నా, చచ్చిపోయినా ఆ మూతి అలాగే కనిపిస్తుంది. అలాంటి జంతువు నడుం లోతు నీళ్లలోకి ఎందుకు వచ్చి నిలబడాలి? మాకు ఈత రాదు కాబట్టి. 'ఈత రాకపోయినా పర్వాలేదు' అంటే అర్థం అదే. మా భయానికి సరిపడా లోతుకి దాన్ని తెచ్చి పెట్టారు.

అవి వచ్చే దారులు కూడా తెలుసుకోవాలి. 2007లో సాలమన్ దీవుల దగ్గర సముద్రంలో పట్టిన 28 డాల్ఫిన్లను విమానాల్లో దుబాయ్ తరలించారు. అప్పట్లో ప్రపంచమంతా దాని మీద గోల జరిగింది. మన దేశానికీ ఒక అనుభవం ఉంది. 1990ల చివర్లో చెన్నై దగ్గర ఒక వినోద కేంద్రానికి బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెప్పించారు. కొన్ని నెలలకే అవి చనిపోయాయి. ఆ తర్వాత కేరళ, మహారాష్ట్రల్లో డాల్ఫిన్ షోలు పెడతామని కొందరు బయల్దేరితే, 2013 మేలో కేంద్ర పర్యావరణ శాఖ, సెంట్రల్ జూ అథారిటీ అసలు దేశంలో ఎక్కడా డాల్ఫినేరియంలకి, అంటే డాల్ఫిన్లని ఉంచి ఆడించే కొలనులకి, అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకి చెప్పేశాయి. ఇవి చాలా తెలివైన, సున్నితమైన ప్రాణులు, వీటిని వినోదం కోసం బంధించడం తగదన్నది కారణం.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఇక్కడ తప్పని తేల్చిన పనికి ఇక్కడే టికెట్లు అమ్ముతున్నారు. చట్టం దానికి అడ్డం కాదు, కొలను వేరే దేశంలో ఉంది కదా అంటారు. సరే. కానీ ఈ దేశంలో దీన్ని ఎందుకు వద్దన్నారో కొనేవాడికి ఒక్క వాక్యమైనా చెప్పాలా వద్దా? ప్రపంచమంతా వ్యాపారం చేసే ప్రయాణాల వెబ్‌సైట్లలో ట్రిప్‌అడ్వైజర్ 2019లో, ఎక్స్‌పీడియా 2021లో ఇలాంటి టికెట్ల విషయంలో వెనక్కి తగ్గాయి. అమెరికాలో ఉండే మనవాళ్లు సెలవులకి ఎగబడే కాంకున్ మెక్సికోలోనే ఉంది. ఆ మెక్సికో కూడా 2025లో డాల్ఫిన్ షోలని నిషేధిస్తూ చట్టం చేసింది. మన జిల్లా కేంద్రాల్లో మాత్రం వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అమ్మకం సాగిపోతూనే ఉంది.

కొలను వద్దులే, సముద్రంలో స్వేచ్ఛగా తిరిగేవాటితో ఈదుదాం అనేవాళ్లూ ఉన్నారు. కొత్త దంపతులకి మారిషస్ ప్యాకేజీల్లో ఇదొక ఆకర్షణ. తెల్లవారుజామున పడమటి తీరంలో పడవల్లో తీసుకెళ్లి డాల్ఫిన్ల ముందు నీళ్లలోకి దింపుతారు. ఈత సరిగ్గా రానివాళ్లకి అది కొలను కంటే ప్రమాదం, అలలూ ఉంటాయి, పడవల ప్రొపెల్లర్లూ ఉంటాయి. డాల్ఫిన్లకీ మేలేం లేదు. అక్కడ కనిపించే స్పిన్నర్ రకం డాల్ఫిన్లు రాత్రంతా లోతు సముద్రంలో వేటాడి పొద్దున్నే ఒడ్డు దగ్గరికి వచ్చి సేదతీరతాయి. సరిగ్గా అదే వేళకి పడవలు చేరతాయి. నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాడి తలుపు పదిమంది బాదినట్టు. అందుకే అమెరికా 2021లో హవాయి తీరంలో వాటికి 50 గజాల లోపు వెళ్లడాన్ని, వాటితో ఈదడాన్ని నిషేధించింది. న్యూజిలాండ్ అంతకు రెండేళ్ల ముందే బే ఆఫ్ ఐలాండ్స్‌లో బాటిల్‌నోస్ డాల్ఫిన్లతో ఈత ఆపేసింది.

పిల్లలకి డాల్ఫిన్‌ని చూపించొద్దని నేను అనడం లేదు. శ్రీకాకుళం వాళ్లకి దుబాయ్ కంటే ఒడిశాలోని చిలికా సరస్సే దగ్గర. పూరీ వెళ్లే మనవాళ్లు చాలామంది ఆ సరస్సు ఒడ్డునున్న సాతపడా దాకా వెళ్లి వస్తుంటారు. మేం సంక్రాంతి తర్వాత వెళ్లాం. అక్కడివి ఇరావడి డాల్ఫిన్లు, మూతి మొద్దుగా, తల గుండ్రంగా ఉంటుంది. సరస్సు మొత్తానికి నూట యాభై చుట్టుపక్కలే ఉన్నాయి. ఎగిరి గంతులు వెయ్యవు, ముద్దులు పెట్టవు. నల్లటి వీపు ఒక్కసారి పైకి వచ్చి మునిగిపోతుంది, అంతే. మనవడు మొదట మొహం మాడ్చుకున్నాడు. పడవతను ఇంజిన్ ఆపాక, పావుగంట గడిచాక, పక్కనే 'ఫుస్' మని ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నాడు. నేనూ లైఫ్ జాకెట్‌లోనే ఉన్నాను, దిగాల్సిన అవసరమే రాలేదు.

అక్కడా అంతా బాగుందని చెప్పను. వేరే పడవల్లో మనవాళ్లే "దగ్గరికి పోనీ, ఇంకో రెండొందలిస్తాం" అని తెలుగులో అరుస్తుంటే సిగ్గేసింది. పడవలు తగిలీ, వలల్లో చిక్కుకునీ డాల్ఫిన్లు చచ్చిపోయే సరస్సు అది. వన్యప్రాణి రక్షణ చట్టంలో పులికి ఉన్న రక్షణే ఈ డాల్ఫిన్‌కీ ఉంది, రెండూ మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి.

నావి మూడు విన్నపాలు. మొదటిది మీకు. మీ ఆదివారం పర్యాటక పేజీలో డాల్ఫిన్ల ఈతని 'తప్పక చేయాల్సినవి' జాబితాలో రాయకండి. ప్రకటన డబ్బు మీకు అవసరమే, కాదనను, కానీ వార్తగా రాసేది మీ చేతిలోనే ఉంది. రెండోది పర్యాటక శాఖకి. వారు ఏజెంట్లని పిలిచి, ఇలాంటి టికెట్ అమ్మే ముందు 2013 నాటి నిర్ణయాన్ని చెప్పి తీరాలని ఒక ఉత్తర్వు ఇస్తే పెద్ద ఖర్చేమీ కాదు.

మూడోది పురపాలక సంఘానికి. మా అయిదుగురం ఆ అరగంటకి కట్టిన డబ్బు ఒక పిల్లాడి వేసవి ఈత శిక్షణకి ఎన్నోసార్లు సరిపోతుంది. ఏటా ఎండాకాలం నదుల్లో, బీచుల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు మీరే వేస్తున్నారు. ఊళ్లో ఆడవాళ్లకని ప్రత్యేకంగా ఒక గంట, ఆడ శిక్షకురాలితో, స్విమ్మింగ్ పూల్ తెరిస్తే రావడానికి చాలామందిమి సిద్ధంగా ఉన్నాం. పొద్దున్న ఆరింటికైనా సరే, మొదటి పేరు నాది రాసుకోమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
శ్రీకాకుళం