మంత్రిగారూ, ఒక్కసారి నా నడక చూడండి

వికలాంగుల సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. సోమవారం సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌కు వచ్చి ప్రజావాణిలో నాలుగు అర్జీలు ఇచ్చిన. రసీదులు తప్ప జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్న.

వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపులో నా ఎడమ కాలు ఎక్కడ తెగిందో చూసి శాతం రాశారు. కుర్చీలోంచి లేవమని కూడా అనలేదు. ఆ శాతం పింఛనుకు పనికొస్తుంది, కాదనను. కానీ బాయి కాడికి నడిచి పోగలనా లేదా అన్నది అందులో ఎక్కడుంది సార్? తర్వాత ఇంకో క్యాంపులో కృత్రిమ కాలు తొడిగి, నాలుగడుగులు వేయించి, ఫొటో తీసి పంపేశారు.

మొండికాలు రోజులు గడిచేకొద్దీ సన్నబడుతుంది. ఇది అందరికీ జరిగేదే, ఇచ్చినవాళ్లకూ తెలుసు. నాకు సాకెట్, అంటే కృత్రిమ కాలిలో మొండికాలు దూర్చే గిన్నె, వదులైంది. ఒక మేజోడుతో మొదలుపెట్టి ఇప్పుడు నాలుగు తొడుగుతున్న. అయినా బత్తాయి చెట్ల పాదుల్లో మెత్తటి మట్టి మీద అడుగేస్తే కాలు లోపలికి జారి ఎముక కొన ఒరుసుకుంటది. పొద్దుగూకి విప్పితే లోపలి మేజోడు నెత్తురుకు అతుక్కుని ఉంటది. మా ఇంటామె గోరువెచ్చని నీళ్లు పోసి, నానబెట్టి, మెల్లగా తీస్తది. రోజూ ఇదే.

నా కుడి చెప్పు మడమ మూడు నెలలకే అరిగిపోతుంది. ఎడమది కొత్తదానిలాగే ఉంది. మా వాడకట్టులో ఫిజియోథెరపీ చదివే అమ్మాయి నా నడకను ఫోన్లో స్లోమోషన్‌లో తీసి చూపించింది. మామూలు నడకలో ఒక్కో పాదం సుమారు 60 శాతం సేపు నేల మీద, 40 శాతం సేపు గాలిలో ఉంటుందట. నేనేమో కృత్రిమ కాలి మీద నిలబడలేక గబుక్కున మంచి కాలి మీదికి దూకుతున్న. "బాబాయ్, ఉన్న కాలు కూడా పాడైతది" అన్నది. కుడి మోకాలు అప్పటికే వాచింది.

జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది కదా సార్. ఏ కాలు ఎంత బరువు, ఎంతసేపు మోస్తుందో చెప్పే పలకలు, కెమెరాలు అక్కడ పెట్టించండి. అవి వచ్చేదాకా కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడొచ్చు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం పోయామో చూడొచ్చు. గడియారం, టేపు ఉంటే చాలు. ఆ మాత్రం కూడా ఎందుకు చేయరు? కొలిచి కాగితం మీద రాసి వదిలేయకండి, దాన్ని బట్టి సాకెట్ మార్చండి, కాలి వాటం సరిచేయండి. మొండికాలు మారినప్పుడల్లా మళ్లీ చూడండి. కొత్త కాలు అడగడం లేదు సార్, ఇచ్చిన కాలుతో నడిచేటట్టు చేయమంటున్న.

వచ్చే సోమవారం మళ్లీ వస్తున్న. అర్జీతో పాటు రెండు చెప్పులూ తెస్తా. మీ అధికారులను పక్కపక్కన పెట్టి చూడమనండి.

ఇట్లు,
దేవరకొండ దిక్కు బత్తాయి రైతు