రేట్ల బోర్డు ఎందుకు తీసేశానంటే

మన కస్టమర్లందరికీ నమస్తే. మన కంప్యూటర్ షాపు అద్దం మీద మూడేళ్లుగా ఉన్న పసుపు బోర్డును సంక్రాంతికి ముందు తీసేశాను. మూడు గేమింగ్ కంప్యూటర్ ప్యాకేజీలు, పక్కనే రేట్లు దాని మీద ఉండేవి. చాలామంది దాన్ని ఫోటో తీసుకుని ఇంట్లో చూపించి, నాన్నను ఒప్పించి, పైసలతో వచ్చేవాళ్లు. ఇప్పుడు బోర్డు కనపడకపోయేసరికి "గేమింగ్ పని బంద్ పెట్టినవా అన్నా?" అని రోజుకు ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. బంద్ పెట్టలేదు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

మొదటి కారణం ర్యామ్, అంటే కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ. 2025 దసరాకు ముందు రేటుతో పోలిస్తే కొత్త రకం డీడీఆర్5 ర్యామ్ రెండింతలు దాటింది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ప్రధానంగా తయారుచేసేవి మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకు కావాల్సిన మెమరీలో ఆర్డర్లు పెద్దవి, లాభమూ ఎక్కువ, కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. 2025 డిసెంబరు 3న మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారమే వదిలేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటిదాకా మా షాపులో ఎక్కువగా అమ్ముడైంది ఆ ర్యామే. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీల రేట్లు కూడా అదే దారి పట్టాయి.

ఈ గోలలో నా వల్ల ఇబ్బంది పడ్డవాళ్లు ముగ్గురున్నారు. పాత రేటుకు మాట ఇచ్చి వాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాను, నేను కూడా హైదరాబాద్‌లో ఒక డీలర్‌కు అడ్వాన్స్ కట్టాను. సరుకు పంపాల్సిన రోజున ఆయన "ఆ రేటుకు రాదు, కావాలంటే పైసలు వాపస్ తీసుకో" అన్నాడు. ఇద్దరికి నష్టానికే ఇచ్చాను. మూడో ఆయనకు ఇవ్వలేక అడ్వాన్స్ తిరిగి ఇచ్చేశాను. ఆయన షాపు మెట్ల మీద నిలబడి నాలుగు మాటలన్నాడు, పడ్డాను. ఇకమీదట ర్యామ్, ఎస్ఎస్‌డీ కొటేషన్ ఆ రోజు సాయంత్రం వరకే చెల్లుతుంది. మిగతా వాటికి వారం.

రేట్లు మారడం ఒక్కటే అయితే బోర్డు మీద కొత్త అంకెలు రాసుకునేవాణ్ని. అసలు ఆ బోర్డే తప్పు. మూడు ప్యాకేజీల్లోనూ ప్రాసెసర్, గేము బొమ్మలు తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్‌లో వెలిగే రంగుల ఫ్యాన్ల దాకా అన్నీ రాశాను. కింద చివరన, చీమ తలకాయంత అక్షరాల్లో "మానిటర్ అదనం" అని ఉండేది. మీరు రోజూ చూసేది దాన్నే. దాన్ని అదనంలో వేశాను.

తిప్పర్తి వైపు నుంచి ఒక తమ్ముడు, వాళ్ల నాన్న వచ్చారు. బత్తాయి తోట పైసలు. బోర్డులో అన్నిటికన్నా పెద్ద ప్యాకేజీ చూపించి ఇదే కావాలన్నాడు, నేనూ సంబరంగా బిల్లు వేశాను. ఆఖరున చేతిలో మిగిలింది తక్కువ. "మానిటర్ ఏదో ఒకటి ఇయ్యన్నా, తర్వాత మార్చుకుంటా" అంటే 60 హెర్ట్జ్‌ది ఒకటి చేతిలో పెట్టాను. నెల తర్వాత వచ్చి మెల్లగా అడిగాడు: "అన్నా, మా దోస్తుగాడిది చిన్న కార్డే. కానీ వాని దగ్గర గేము నాకంటే సాఫీగా పోతుంది, ఎందుకు?"

దానికి జవాబు అమ్మేరోజే నాకు తెలుసు, చెప్పలేదు. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో బొమ్మ దాదాపు 16.7 మిల్లీ సెకన్లు అలాగే నిలబడుతుంది. 180 హెర్ట్జ్‌ది అయితే 5.6 మిల్లీ సెకన్లకే మారుతుంది. లోపల కార్డు సెకనుకు 200 ఫ్రేములు, అంటే బొమ్మలు, తయారుచేసినా 60 హెర్ట్జ్ స్క్రీన్ మీకు చూపించేది 60 సార్లే. కార్డుకు పెట్టిన డబ్బులో సగం స్క్రీన్ దగ్గరే ఆగిపోయింది. ఆ దోస్తు దగ్గర మామూలు కార్డు, 165 హెర్ట్జ్ మానిటర్ ఉన్నాయి.

అందుకే ఇప్పుడు షాపుకు వస్తే ముందు మానిటర్ గురించే మాట్లాడుతాను. వాలొరాంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి తుపాకీ పోటీ గేములే ఆడతామంటే 24 అంగుళాల 1080పీ, 144 నుంచి 180 హెర్ట్జ్ చాలు. కథ ఉన్న పెద్ద గేములు, చూడ్డానికి అందంగా ఉండాలి అంటే 27 అంగుళాల 1440పీ. ఆ రెండో దారిలో వెళ్తే కార్డు మీద పని పెరుగుతుందని గుర్తుంచుకోండి. 1080పీలో సుమారు 20.7 లక్షల చుక్కలు, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. ప్రతి ఫ్రేముకూ కార్డు ఇన్ని చుక్కలూ లెక్కకట్టాలి. 4కే టీవీ ఇంట్లో ఉంది కదా దానికే పెట్టుకుంటా అనేవాళ్లకు ఈ లెక్క చెప్తే కాసేపు ఏమీ మాట్లాడరు.

27 అంగుళాల్లో 1080పీ మాత్రం ఇక తెప్పించను. పోయిన ఏడాది కొన్ని అమ్మాను, పెద్దగా కనపడుతుందని జనం తీసుకున్నారు. ఒక అంగుళంలో 82 చుక్కలే పడతాయి కాబట్టి దగ్గర కూర్చుంటే అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా ఉంటాయి. అదే సైజులో 1440పీ అయితే 109 పడతాయి. గేములో పట్టించుకోకపోయినా, పిల్లలు అదే స్క్రీన్ మీద నోట్సు చదువుకుంటారు.

ప్యానెల్, అంటే మానిటర్ స్క్రీన్ రకం, విషయంలో గొడవ పెట్టుకోకండి. ఐపీఎస్ రకంలో రంగులు ఏ పక్క నుంచి చూసినా బాగుంటాయి. వీఏ రకంలో నలుపు గాఢంగా ఉంటుంది కానీ చాలా వాటిలో చీకటి సీన్లలో బొమ్మ కదిలినప్పుడు వెనకాల మసి పూసినట్టు చారలు వస్తాయి. నా ఓటు ఐపీఎస్‌కే.

ఇంకొకటి, జీఎస్టీ తగ్గింది కదా మానిటర్ రేటు తగ్గించమని అడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది 32 అంగుళాలు దాటిన వాటికి. మనం కొనే 24, 27 అంగుళాలవి ముందునుంచీ 18లోనే ఉన్నాయి. నేను మింగేసింది ఏమీ లేదు.

మిర్యాలగూడ నుంచి ఒక అబ్బాయి మొత్తం సిస్టంను దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చాడు. కార్డు పోయిందని ఏడుపొక్కటే తక్కువ. టేబుల్ మీద పెట్టి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. ఇంట్లో ఎలా పెట్టావో అలాగే పెట్టమంటే మానిటర్ వైరును నేరుగా మదర్‌బోర్డు (అన్నీ కలిపే పెద్ద బోర్డు) వెనక ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టాడు. కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టు ఖాళీ. అతనిది రైజెన్ 7600, ఆ ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, అందుకే బొమ్మ వచ్చింది, గేము మాత్రం నత్త నడక నడిచింది. వైరు మార్చడానికి పది సెకన్లు పట్టింది. తర్వాత సెట్టింగ్స్ తెరిచి చూస్తే కొత్త 165 హెర్ట్జ్ మానిటర్ 60 మీదే ఉంది. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్, దాంట్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే, అక్కడ రిఫ్రెష్ రేట్ మనమే మార్చుకోవాలి. తప్పు ఆ అబ్బాయిది కాదు, ఇచ్చేటప్పుడు చూపించని నాది. ఇప్పుడు ప్రతి సిస్టంకు మదర్‌బోర్డు వైపు పోర్టు మీద ఎర్ర టేపు అంటించి పంపుతున్నాం. టేపు పీకకండి.

ప్రాసెసర్ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ మధ్య వచ్చిన ఆరు కోర్లది ఏది తీసుకున్నా ఇప్పటి గేములకు సరిపోతుంది. ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్, దానికి సరిపోయే ఏఎం4 రకం మదర్‌బోర్డు ఉన్నవాళ్లు వాటిని దయచేసి తక్కువకు అమ్ముకోవద్దు. చాలా బోర్డులకు బయాస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5600 ప్రాసెసర్ పెడితే, కొత్త డీడీఆర్5 ర్యామ్‌కు పెట్టే పైసలు కార్డులోకో మానిటర్‌లోకో పోతాయి. అలా చేస్తే నా బిల్లు తగ్గుతుంది, సరే.

కార్డుల్లో మాత్రం ఒక పితలాటకం ఉంది. పేరు ఒకటే, లోపల సరుకు వేరు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కార్డు 8 జీబీ మెమరీది ఉంది, 16 జీబీదీ ఉంది. ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీకీ అంతే. ఆన్‌లైన్‌లో తక్కువ రేటు చూసి "నువ్వు ఎక్కువ చెప్తున్నావు" అనే ముందు ఆ అంకె చూడండి. 1440పీలో కొత్త గేములు ఆడేవాళ్లకు 8 జీబీ నేను సలహా ఇవ్వను. సెకండ్ హ్యాండ్ కార్డులు అమ్మను. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ కోసం కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబగళ్లు నడిచిన కార్డులు కడిగి తుడిచి బజారులోకి వచ్చాయి. బయట చూసి ఏది ఎలాంటిదో నేను చెప్పలేను.

ఇప్పుడు మీరెవరూ అడగని సంగతి. కొండమల్లేపల్లి దగ్గర ఒక ఊరి నుంచి ఫోన్: "అన్నా, క్యాబినెట్ తుడుస్తుంటే అమ్మకు జివ్వుమంది." వెళ్లాను. క్యాబినెట్ స్క్రూ మీద టెస్టర్ పెడితే వెలిగింది. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా ఎస్ఎంపీఎస్ లోపల కరెంటు శుభ్రం చేయడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, అవి క్యాబినెట్ ఇనుముకు కలిసి ఉంటాయి. ఎర్తింగ్ సరిగా ఉంటే కారిన కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే 230 వోల్టుల్లో సుమారు సగం క్యాబినెట్ మీద నిలబడుతుంది. మామూలుగా అది చాలా కొద్ది కరెంటే, కానీ లోపల నిజంగా ఏదైనా వైరు తగిలితే కాపాడేది కూడా ఆ ఎర్తింగే. గోడలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంది, విప్పి చూస్తే మూడో దానికి వైరే లేదు. ఇంటి వెనక ఎర్త్ గుంత మాత్రం ఉంది, ఎండి నెర్రెలిచ్చింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి వైరు లాగించి, గుంతలో ఉప్పు, బొగ్గు వేయించి నాలుగు బిందెల నీళ్లు పోశాం. మళ్లీ టెస్టర్ పెడితే వెలగలేదు. అమ్మ మాత్రం ఇంకా కట్టెతో తోసి చూసే క్యాబినెట్ దగ్గరికి వచ్చింది. ఎండాకాలం ఆ గుంతకు అప్పుడప్పుడు నీళ్లు పోయండి. సిస్టం ఇచ్చే ముందు ఇక నుంచి ఆ ప్లగ్గు ఫోటో అడుగుతాను, విసుక్కోవద్దు.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంటుంది. దానితో గేమింగ్ సిస్టం ఇవ్వను, గిరాకీ పోయినా సరే. ఊళ్లలో మోటార్లు ఆన్ అయినప్పుడు వోల్టేజీ పడిపోతుంది కాబట్టి స్టిక్కర్ మీద 100-240 అని ఉన్నదే తీసుకోండి, 200-240 అని ఉన్నవి వద్దు. యూపీఎస్ కూడా అంతే. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) అంటే మామూలుగా 360 వాట్లే. గేము మధ్యలో కరెంటు పోతే కీచుమని అరిచి అదీ ఆరిపోతుంది, మీరు నాకు ఫోన్ చేస్తారు. కనీసం 1000 వీఏ పెట్టుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి.

క్యాబినెట్ ముందు అద్దం ఉన్నది అందంగా ఉంటుంది. మన నల్లగొండ మే నెలలో, రేకుల గదిలో, దాని లోపల ఏమవుతుందో మీరే ఊహించుకోండి. జాలీ ఉన్నదే తీసుకోండి. దుమ్ము పడుతుంది, నెలకోసారి తెస్తే బ్లోయర్ కొట్టి ఇస్తాను, పైసలు వద్దు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఇంకా తక్కువకు వస్తుంది కదా అనేవాళ్లకు: కొన్ని వస్తాయి, నిజమే. అక్కడ కొనుక్కుని వస్తే 1,500 తీసుకుని అసెంబుల్ చేసిస్తాను, మొహం ముడుచుకోను. వారంటీకి మాత్రం మీరే తిరగాలి. నా దగ్గర కొంటే ఆ తిరుగుడు నాది.

బోర్డు ఉన్న చోట ఇప్పుడు ఒక టేబుల్ వేశాను. దాని మీద ఒకే సిస్టం, రెండు మానిటర్లు పక్కపక్కన, ఒకటి 180 హెర్ట్జ్, ఒకటి 60. శనివారం, ఆదివారం సాయంత్రం 5 తర్వాత వచ్చి రెండింటి మీదా కాసేపు ఆడి చూడండి. ఆ 60ది తిప్పర్తి తమ్ముడిదే. అమ్మిన రేటుకే వెనక్కి తీసుకున్నాను.