పత్తి కట్టె కొనేవాళ్లు ఉంటే ఎవరూ కాల్చరు

సంపాదకులకు నమస్కారం.

పత్తి ఏరుడు అయిపోయాక పరకాల, శాయంపేట వైపు సాయంత్రం పూట వస్తే చేలల్లో పొగే కనిపిస్తుంది. కట్టె కాల్చొద్దని అధికారులు చెప్తారు, పేపర్లలోనూ రాస్తారు, మరి ఏం చెయ్యాలి? పీకించాలంటే కూలీ, ట్రాక్టర్‌తో ముక్కలు చేయించాలంటే కిరాయి, అట్లాగే వదిలేస్తే గులాబీ రంగు పురుగు అందులోనే ఉండి వచ్చే వానాకాలం పంట మీద పడుతుందని టెన్షన్. అగ్గిపుల్లే చవక. రైతును తిట్టి లాభం లేదు.

కానీ ఆ కట్టె చెత్త కాదు, గట్టి కలప. అందులోని సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ రెండూ చక్కెరల గొలుసులే. ఆవిరితో, కొద్దిపాటి యాసిడ్‌తో మెత్తబరిచి ఎంజైములు కలిపితే గొలుసులు తెగి చక్కెర వస్తుంది, దాన్ని ఈస్ట్‌తో పులియబెడితే పెట్రోలులో కలిపే ఇథనాల్. హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరను మాత్రం మామూలు ఈస్ట్ పులియబెట్టలేదు, దానికి వేరే సూక్ష్మజీవులు కావాలి, లేదా దాంతో చక్కెరకు బదులు వాడే జైలిటాల్ చేసుకోవచ్చు. కట్టెకు గట్టిదనమిచ్చే, చివరికి మిగిలే లిగ్నిన్‌ను బాయిలర్‌లో వేస్తే ఫ్యాక్టరీకి కావాల్సిన ఆవిరి, కరెంటు. ముడిచమురు నుంచి పెట్రోలు, డీజిల్, తారు తీసినట్టే కట్టె నుంచి ఇన్ని తీస్తారు కాబట్టే దీన్ని బయోరిఫైనరీ అంటారు. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ల ప్లాంటు 2022 ఆగస్టులో ప్రారంభమైంది, ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా దాన్ని కట్టారు. మన దగ్గర వరిగడ్డి పశువులకు మేత, దాని జోలికి పోవద్దు. ఎండిన పత్తి కట్టెను ఏ పశువూ ముట్టదు.

ఇథనాల్ అనగానే జనం భయపడటంలో తప్పు లేదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఊళ్లకు ఊళ్లే రోడ్డెక్కితే ఫ్యాక్టరీ పనులు ఆపాల్సి వచ్చింది. కట్టెతో నడిచే ప్లాంటుకైనా నీళ్లు కావాలి, దాన్నుంచీ మురుగు వస్తుంది. నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది అన్నది గ్రామసభలో ముందే చెప్పకుండా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు.

అందుకే మొదటి రోజే వందల కోట్ల ఫ్యాక్టరీ అడగడం లేదు. కట్టె వచ్చేది ఏడాదిలో కొన్ని వారాలే, దాన్ని సేకరించి, ఆరబెట్టి, ఏడాదంతా నిల్వ పెట్టడమే అసలు కష్టం, ముందు అది నేర్చుకోవాలి. థర్మల్ స్టేషన్లు బొగ్గులో 5 శాతం బయోమాస్ గుళికలు (పంట వ్యర్థాలను నొక్కి చేసేవి) కలపాలని కేంద్రం 2021లోనే చెప్పింది, పరకాలకు దగ్గర్లోనే చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు ఉంది. మండలానికో సేకరణ కేంద్రం పెట్టి, గుళికలు చేసి అక్కడికి పంపండి. ఈలోగా వరంగల్ ఎన్‌ఐటీలో బయోటెక్నాలజీ, కెమికల్ ఇంజినీరింగ్ వాళ్లకు మన కట్టె ఇచ్చి చిన్న పైలట్ ప్లాంటు నడిపించండి, టన్నుకు ఎంత ఇథనాల్ వస్తుందో, ఎన్ని నీళ్లు పడతాయో లెక్క తేల్చి అందరి ముందు పెట్టండి.

టన్ను కట్టెకు ఇంత అని ధర మాత్రం పత్తి ఏరుడు మొదలయ్యే లోపే ప్రకటించాలి, తూకం చేను దగ్గరే వెయ్యాలి.

- ఒక పత్తి రైతు, పరకాల మండలం, హనుమకొండ జిల్లా