ఇంకు పెన్నులు ఎక్కడికీ పోలేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం. చేతిరాత పోయింది, ఉత్తరాలు పోయాయి అని అందరూ తెగ బాధపడిపోతుంటారు గానీ ఒకసారి ఆబిడ్స్ వెళ్లి చూడండి సార్, 1928 నుంచి నడుస్తున్న దక్కన్ పెన్ స్టోర్స్‌లో కాలేజీ పిల్లలు కూడా నిబ్బులు గీసి చూసుకుంటూ కనిపిస్తారు.

నాకైతే రాజమండ్రి రత్నం పెన్నంటే ప్రాణం. రబ్బరులో గంధకం కలిపి గట్టిపరిచిన ఎబొనైట్ కడ్డీని లేత్ మీద పెట్టి ఒక్కో పెన్నూ చేత్తోనే చేస్తారు, డ్రాపర్‌తో ఇంకు నేరుగా గొట్టంలోకే పోసుకోవాలి, ఒకసారి నింపితే చాలారోజులు వస్తుంది. కాకపోతే ఇంకు బాగా తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి టప్పున బొట్టు పడుతుంది, అంత తగ్గకముందే నింపేసుకుంటే ఆ గొడవుండదు. బొమ్మలేసే ఇండియన్ ఇంకు మాత్రం పొరపాటున కూడా పోయొద్దు, అందులో లక్క ఉంటుంది, ఎండిందంటే నిబ్బు మూసుకుపోయినట్టే!

పాత పెళ్లిపత్రికలు ఇంట్లో కట్టలు కట్టలు పడుంటాయి కదా, వాటిని తిప్పి అతికిస్తే మంచి కవర్లవుతాయి, మా పిల్లలు వాటిమీద చెరియాల బొమ్మల్లా రంగులు కూడా వేస్తున్నారు (పసుపు రంగు వాటికే అయిపోతోంది).

ఇన్ని చేసుకుని మా ఏరియా పోస్టాఫీసుకెళ్తే ఇన్‌లాండ్ లెటర్లు స్టాక్ లేవంటారు, కార్డులూ లేవంటారు. పోస్టల్ వాళ్లు దయచేసి చిన్న పోస్టాఫీసుల్లో కూడా ఇవి దొరికేలా చూడాలి.

- ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్